మా తెలుగు బడికి సాహెబు వచ్చిన పొద్దు

నాకు తెలుగు చదవడం వచ్చు. కాకపోతే నేను ఒక పేరు కూడబలుక్కుని చదివేలోగా బస్సు కడోదరా దాటి హైవే ఎక్కేస్తుందని మా డ్రైవరు అంటాడు. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. మా తెలుగు ఊళ్ళ నుంచి ఈ గుజరాతీ పట్నానికి వచ్చే బస్సుల్లోంచి సంచులు దించి, గోడాదరా పేటలో ఎవరివి వారికి అందజేయడం నా పని. సంచుల మీద పేర్లు తెలుగులోనే ఉంటాయి. కానీ నేను చదివేది అక్షరాలను కాదు, వాసనను. మక్కపిండి అయితే ఫలానా ఇల్లు, ఎండుచేపలైతే మూడో గల్లీ, నువ్వులనూనె అయితే పైఅంతస్తు ముసలాయన. ఏడో తరగతితో నేను బడి మానేశాను గాని, నా ముక్కు మాత్రం ఆ తర్వాత కూడా చదువుకుంటూనే ఉంది.

ఈ జూన్ మొదట్లో, వాన ఇంకా పడక ఒళ్ళంతా జిగటగా ఉన్న ఒక పొద్దున, డిక్కీ తెరవగానే మామిడికాయ తొక్కు వాసన మొహాన కొట్టింది. ఎవరిదో డబ్బా పగిలి, వెల్లిపాయ ముక్కలతో సహా నూనె మూడు సంచుల మీదుగా కారి, నాలుగోదిగా నా ప్యాంటును ఎంచుకుంది. తుడుచుకుంటూ ఉంటే ఫోను మోగింది. తెలుగు బడి టీచరమ్మ. ఈ ఏడు ఒకటో తరగతికి పిల్లలు చాలడం లేదట. ఇంకొక్కరైనా దొరక్కపోతే తరగతి తెరవరట. మగ్గం పని తెలిసినవాడికి ఆ మాట వేరే విప్పి చెప్పనక్కర్లేదు. పాత పడుగు అయిపోకముందే కొత్త పడుగు పోగులను దానికి ముడెయ్యాలి. ఒకసారి మగ్గం ఖాళీ అయిందంటే మళ్ళీ ఒక్కొక్క పోగూ ఎక్కించే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ ఏడు ఒకటి లేకపోతే వచ్చే ఏడు రెండు ఉండదు, ఆ పై ఏడు మూడు ఉండదు. "మీకు అన్ని ఇళ్ళూ తెలుసు కదండీ, కాస్త తిరగండి" అంది టీచరమ్మ. తొక్కు మరకతో, మూడు వీధుల కుక్కలు వెంట రాగా, నేను తిరగడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి కాలు ఒక్కచోట నిలవడం లేదు.

నా చిన్నప్పుడు ఆ తొక్కే మా టిఫిను డబ్బాల్లో ఉండేది. మా అవ్వ, అంటే మా అమ్మ, పొద్దున్నే అన్నం కలిపి డబ్బాలో అదిమేది. బడికి చేరేలోపు ఎర్రనూనె మూత సందుల్లోంచి కారి పలక సంచిలోకి దిగి, నా తెలుగు వాచకంలో ప్రతి పేజీ మూలనా ఒక అర్ధచంద్రాకారాన్ని అచ్చు వేసేది. మా గది సాంచాల గల్లీలో ఉండేది. సాంచాలంటే మరమగ్గాలు. రాత్రీ పగలూ టకటకమని నేల అదురుతూ ఉండేది. గ్లాసులో నీళ్ళు ఎప్పుడూ చిన్నగా వణుకుతూ ఉండేవి. వారానికొకసారి కరెంటు పోయి సాంచాలు ఆగితే ఆ నిశ్శబ్దానికి చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి లోపల పనిచేసేవాళ్ళు గొంతు వాడేవాళ్ళు కాదు. పెదాలు కదిపేవారు, చేతులు తిప్పేవారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్, రెండువేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది, అరచేయి మెడ మీద రాస్తే సాంచాల యజమాని సేఠు వస్తున్నాడు. మా బాపుకు, అంటే మా నాన్నకు, నోటితో ఒక్క తెలుగే వచ్చు. చేతులతో మాత్రం ఒరియావాళ్ళతో, హిందీ భయ్యాలతో, ఖాందేశ్ మరాఠీలతో గంటలకొద్దీ ముచ్చట్లు పెట్టేవాడు. బాపుకు సద్ది తీసుకుపోయి పోయి, పెదాలు చూసి మాట పట్టుకోవడం నాకూ అలవాటైంది. ఆ మోత నుంచి ఇంటికొచ్చాక మాత్రం అందరూ చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అరిచేవారు. ఉప్పు తక్కువైందని మా బాపు మెల్లగా చెబితే ఊరికి ఆ చివరనున్న వరాఛా దాకా వినబడేదని అవ్వ ఎగతాళి చేసేది.

మా పిల్లలకు భాషలు బట్టల్లాంటివి, ఏ పనికి ఏది తొడుక్కోవాలో దానికదే తెలిసేది. గోటీలాటలో, అంటే గోళీలాటలో, లెక్క గుజరాతీలో, తగవు హిందీలో, దెబ్బ తగిలితే ఏడుపు తెలుగులో. చలికాలంలో తాపీ నది ఒడ్డున బండ్ల మీద లేత జొన్నలు కాల్చి పోంక్ అని అమ్మేవారు. సన్నకారప్పూస, నిమ్మరసం కలిపి ఇచ్చేవారు. అవ్వ ఒక పిడికెడు నోట్లో వేసుకుని, "గిది మన ఊచబియ్యమే గదరా, గీళ్ళు పేరు మార్చి అమ్ముతుండ్రు" అనేది, ఎవరో మన పొలంలోంచి ఎత్తుకొచ్చినట్టు. పతంగుల పండుగనాడు మేడ మీద ఒకవైపు సకినాలు గుడ్డ మీద ఆరుతూ ఉంటే ఇంకోవైపు ఊరంతా గాలిపటాలు ఎగరేసేది. తెగిన పతంగి సరిగ్గా సకినాల మధ్యనే వాలేది. దానికోసం నాలుగు భాషల పిల్లలు పరుగెత్తుకొచ్చి తొక్కితే, అవ్వ ఐదో భాష కనిపెట్టేది. నవరాత్రులప్పుడు గర్బా వాళ్ళు మైదానంలో తిరుగుతూ ఉంటే, మా ఆడవాళ్ళు గల్లీ చివర బతుకమ్మ చుట్టూ తిరిగేవారు. ఊరి నుంచి బస్సులో గునుగు, తంగేడు గోనెసంచుల్లో వచ్చి సగం వాడిపోయి ఉండేవి. తక్కువైనచోట ఇక్కడి బంతిపూలు కుక్కేవారు. పక్కింటి ఒరియా పిల్లవాడు బిష్ణు, నా ఈడువాడు, వాళ్ళమ్మ కూడా మిల్లుకు పోయేది కాబట్టి పగలంతా మా ఇంట్లోనే తిని, మా అవ్వ కొంగు పట్టుకుని, ఆడవాళ్ళతో కలిసి వంగి చప్పట్లు కొడుతూ తొమ్మిది రోజులూ తిరిగేవాడు. నేను మాత్రం గర్బా దగ్గర ఐసుగోళాలకోసం కాచుకుని ఉండేవాణ్ణి.

బడి అంటే మున్సిపాలిటీ కట్టించిన మేడలో రెండు గదులు. తక్కిన గదులన్నీ గుజరాతీ బడివి. వానాకాలం పక్కనున్న ఖాడీ, అంటే పెద్ద కాలువ, పొంగితే ముందు మా గదుల్లోకే నీళ్ళు వచ్చేవి, మేము కింద ఉన్నాము గనుక. అప్పటి మా సత్యవతి టీచరుది సముద్రం పక్క ఊరు. రైల్వేలో పనిచేసే భర్త వెంట ఇక్కడికి వచ్చింది. మనసు వెన్న. కాని ఆమె తెలుగు మాకు ఇస్త్రీచీరలా కనిపించేది, ముట్టుకోవాలంటే భయం. మేము "గిట్ల" అంటే ఆమె "ఇలా" అనేది. మేము "యాడికి" అంటే ఆమె "ఎక్కడికి" అనేది. ఇంట్లో ఒకసారి "ఎక్కడికి వెళుతున్నావమ్మా" అని అడిగాను. అవ్వ చేటలో బియ్యం అలాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూసి, "ఏంది రా, సినిమాల ఏషం దొరికిందా?" అంది. బడిలో మాది తెలుగు కాదు, ఇంట్లో టీచరుది తెలుగు కాదు. ఈ రెంటికీ నడుమ గల్లీ దాటే లోపల నేను భాష మార్చుకునేవాణ్ణి.

ఆ రెండు గదులూ నిండేవంటే దానికి కారణం లచ్చయ్య తాత. చూపు ఆనక మగ్గం మానేసిన ముసలాయన. ప్రతి జూన్‌లో బడికి పిల్లల కోసం గల్లీలన్నీ తిరిగేవాడు, అదీ సరిగ్గా షిఫ్టు మారే వేళకే. రాత్రిపాళీ మనిషి ఇల్లు చేరి, పగటిపాళీకి పోయే మనిషి ఇంకా గడప దాటని ఆ కాస్త సమయం. అప్పుడైతే "మా ఆయన్ను అడిగి చెప్త" అని ఆమె తప్పించుకోలేదు, "గామెనే అడుగు" అని ఆయన తప్పించుకోలేడు. నిద్రకళ్ళతో నిలబడ్డ తండ్రికీ, సద్ది కట్టుకుంటున్న తల్లికీ నడుమ నుంచి పిల్లవాణ్ణి ఎత్తుకుని బడికి నడిచేవాడు తాత.

ఒక దీపావళి తరువాత ముప్పు వచ్చింది. దీపావళికి సాంచాలు ఆగుతాయి, మావాళ్ళు చాలామంది ఊళ్ళకు పోతారు. పోయినవాళ్ళు పెళ్ళిళ్ళు చూసుకుని, ఇంటికప్పు కప్పించుకుని, నింపాదిగా వస్తారు. ఆ సంగతి మాకు తెలుసుగాని పైఆఫీసుకు తెలియదు. బడి తెరిచిన మొదటి వారంలోనే తనిఖీకి సాహెబు వస్తున్నాడని కబురు. తెలుగు గదుల్లో పిల్లలు లేకపోతే, ఉన్నవాళ్ళను పక్కనున్న గుజరాతీ తరగతుల్లో కలిపేస్తారట. ఉన్నది మేము గుప్పెడుమంది. టీచరు మొహం పాలిపోయింది. తాత మాత్రం కర్ర తీసుకుని గల్లీలోకి పోయి, ఊరికి పోని పిల్లలందరినీ తోలుకొచ్చాడు. బిష్ణు, భయ్యాల మున్నా, మరాఠీ అక్కాచెల్లెళ్ళు. "గీళ్ళు మనోళ్ళేనా తాతా?" అని టీచరు తన తెలుగు మరిచిపోయి మా తెలుగులో అడిగింది. "మన గల్లీ నల్లా నీళ్ళు తాగేటోళ్ళు మనోళ్ళు గాకుంటె ఇంకెవ్వలు బిడ్డా?" అన్నాడాయన.

సాహెబు పొడుగ్గా, తెల్లచొక్కాతో, నవ్వీ నవ్వని మొహంతో వచ్చాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. రాని భాషలో పరీక్ష ఎలా పెడతాడా అని మేము చూస్తూ ఉంటే కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కరూ తెలుగులో ఏదైనా చెప్పమన్నాడు. టీచరు కళ్ళు మూసుకుంది. బిష్ణు లేచి, జంకూ గొంకూ లేకుండా, చప్పట్లు కొడుతూ, వంగుతూ, తనచుట్టూ తాను తిరుగుతూ బతుకమ్మ పాట మొత్తం పాడాడు. సాహెబు వేళ్ళతో బల్ల మీద తాళం వేశాడు. తర్వాత మున్నా. వాడి గది నీళ్ళ నల్లా ఎదురుగా. రోజూ పొద్దున మా అవ్వ నన్ను లేపే మాటలు వాడికి కంఠతా వచ్చు. చేతులు కట్టుకుని, పద్యం చదివినట్టు మొదలుపెట్టాడు: "ఓరి సోమరి సచ్చినోడా, నల్ల బందయినంక బిందె వట్కొని వస్తవా, నీళ్ళు నీ తాత వట్టి పెడ్తడా!" సాహెబు తల ఊపి, "వాహ్, కవితా!" అన్నాడు. టీచరు అవునన్నట్టు తల ఊపింది, పాపం, ఇంకేం చేస్తుంది.

నా వంతు వచ్చింది. మూడు తరాల తెలుగు నేతగాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి కదా, గర్వంగా లేచాను. సాహెబు గుజరాతీలో నా పేరు అడిగాడు. అడిగిన భాషలో జవాబు చెప్పడం గోటీలాటలో మాకు మర్యాద. గలగలా గుజరాతీలో పేరు చెప్పి, ఇల్లు చెప్పి, నిన్న గెలిచిన గోటీలు చెప్పి, అడగకుండానే పదమూడో ఎక్కం కూడా అందుకున్నాను. సాహెబు చెయ్యెత్తి ఆపాడు. టీచరు వైపు తిరిగి, ఈ అబ్బాయి పక్క గుజరాతీ తరగతివాడు కదూ, పిల్లలు తక్కువై ఇతన్ని తెచ్చి కూర్చోబెట్టారు కదూ అన్నాడు. తెలుగులో చెప్పరా అని తాత వెనకనుంచి కర్రతో పొడిచాడు. నా బుర్రలో ఒక్క తెలుగు మాట లేదు. బడి తెలుగు చెబితే తప్పు పోతుందేమో, ఇంటి తెలుగు చెబితే టీచరు దిద్దుతుందేమో, ఈ రెంటి మధ్యా ఇరుక్కుని దిక్కులు చూశాను. నా మూలాన బడి పోతోందని మాత్రం అర్థమవుతోంది.

అప్పుడు కిటికీ అవతల మా బాపు కనిపించాడు. రాత్రిపాళీ దిగి నలుగురితో కలిసి వచ్చాడు, కనుబొమ్మల మీద ఇంకా దారపు నూగు. లోపలికి వచ్చే ధైర్యం లేదు, అరిచే వీలు లేదు. సాంచాల మధ్య నిలబడ్డట్టే నిలబడి, చప్పుడు లేకుండా పెదాలు కదిపాడు. నేను ఆ పెదాలు చూసి గట్టిగా చదివాను: "నా పేరు రాజేశం. మా బాపు పేరు నర్సయ్య. మాది మానేరు వాగు అవతల. మా తాతది గుంట మగ్గం. మేం గీడికి బతుకనీకి వచ్చినం." సాహెబు మొహంలో నవ్వు విచ్చుకుంది. బాపు పెదాలు ఇంకా కదులుతున్నాయి, నేను ఇంకా చదువుతున్నాను: "సక్కగ నిలవడు రా. ముక్కుల నుంచి వేలు తియ్యి." అది చెప్పమని కాదు, చెయ్యమని అని నాకు తట్టేలోపు కిటికీ బయట ఉన్నవాళ్ళంతా గోడకు ఆనుకుని పొట్టలు పట్టుకున్నారు.

సాహెబు చాయ్ తాగాడు, లేచాడు. పోతూ పోతూ బిష్ణు తల నిమిరి హిందీలో మెల్లగా అడిగాడు, గంజాంలో మీది ఏ ఊరు బేటా అని. బిష్ణు సంతోషంగా ఊరి పేరు చెప్పేశాడు. గంజాం ఒరియావాళ్ళ జిల్లా, మా గుట్టు బయటపడినట్టే. ఆయన మాత్రం ఏమీ విననట్టే చెప్పులు వేసుకుని మెట్లెక్కి పై గదులకు వెళ్ళిపోయాడు. మా గదులు మిగిలాయి. ఎందుకు మిగిల్చాడో ఈనాటికీ నాకు తెలియదు. ఊళ్ళకు పోయినవాళ్ళు ఒక్కొక్కరే దిగాక పిల్లలూ నిండారు.

నేను ఏడు దాకా చదివాను. ఎనిమిదికి పోదామంటే తెలుగులో ఎనిమిది లేదు. నిచ్చెన అక్కడితో అయిపోయింది, మిగతా గోడ మీరే ఎగరండి అన్నట్టు. కొందరు గుజరాతీ తరగతిలో చేరి ఎగిరారు. నేను కండెలు చుట్టే పనిలో చేరాను. మరీ అన్యాయం జరిగిందని చెప్పను, లెక్కల మాస్టరు చాలా సంతోషించాడు.

ఇప్పుడు పెద్దలు మంచి మాటలే చెబుతున్నారు. చిన్న తరగతులు అమ్మభాషలో ఉండాలట, ఇక్కడున్నాక గుజరాతీ అందరికీ రావాలట, ఇంగ్లీషు ఎలాగూ తప్పదట. మూడూ కాగితం మీద పక్కపక్కన చక్కగా కూర్చున్నాయి. మా పది అడుగుల గదిలోకి వచ్చేసరికి ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో తేలక తిరుగుతున్నాయి. నేనూ తిరుగుతున్నాను. నా ఇద్దరు పిల్లలనూ ఇంగ్లీషు బడిలో చదివించినవాణ్ణి కాబట్టి సగం గడపల్లో "ముందుగాల నీ ఇల్లు సూస్కోరాదే" అని అంటారని తెలిసే తిరుగుతున్నాను. మా పాత గల్లీ లేదు, అక్కడ అద్దాల షట్టర్లతో చీరల గోదాములు లేచాయి. సాంచాలు చాలామటుకు కడోదరా వైపు పెద్ద షెడ్లకు పోయాయి. వాటి మధ్య పనిచేసే కుర్రాళ్ళు చెవుల్లో పాటలు పెట్టుకుని ఫోన్లో మెసేజీలు పంపుకుంటున్నారు, ఒకరి పెదాలు ఒకరు చూడడం లేదు. లచ్చయ్య తాత పోయాడు. మా అవ్వ పోయింది. ఆ నల్లా ఉన్నచోట ఇప్పుడు మోటారుసైకిళ్ళు నిలబెడుతున్నారు. బిష్ణు గంజాం వెళ్ళిపోయి, ఏడాదికొకసారి బతుకమ్మనాడు ఫోను చేస్తాడు.

నిన్న పొద్దున ఏడింటికి, షిఫ్టు మారే వేళ చూసుకుని, గోడాదరాలో మూడో అంతస్తు ఎక్కాను. తిరుపతి, స్వరూపల ఇల్లు. అతను రాత్రిపాళీ దిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆమె బజారులో చీరలు మడతపెట్టే పనికి పోవడానికి డబ్బా కట్టుకుంటోంది. వాళ్ళ పాప వైష్ణవికి ఆరో ఏడు. "తెలుగు చదివితే ఏమొస్తదన్నా?" అంది స్వరూప, తల ఎత్తకుండా. నాకు జవాబు తెలియదు కాబట్టి ఈ సాహెబు కథ చెప్పాను. మున్నా కవిత దగ్గర తిరుపతి నవ్వి నవ్వి దగ్గాడు. స్వరూప కూడా నవ్వింది. నవ్వి, డబ్బా మూత బిగించి, "సరే, పంపుత తియ్. టీచరమ్మకు చెప్పు" అంది. ఆ ఒక్క పిల్లతో ఒకటో తరగతి తెరుస్తారు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మెట్లు దిగుతూ, వెనకే పనికి దిగుతున్న ఆమెతో, సభలో దండ వేసినట్టు అన్నాను, "చెల్లె, ఇయ్యాల మన భాషను నువ్వు నిలవెట్టినవ్!"

ఆమె ఆగలేదు. నన్ను దాటుకుని దిగిపోతూనే అంది: "నేను నిలవెట్టుడేందన్నా! పొద్దుగాల పోతే చీకటి వడ్డంక వస్త. నా బిడ్డెకు బువ్వ తినవెట్టేది పక్కింటి గుజరాతీ ముసలమ్మ బా, గందుకే దానికి బా మాటలే వస్తున్నయ్. బడి సంగతి మీరు సూస్కోండ్రి గని, జర నన్ను పొద్దుండంగ ఇంటికి తోలే సేఠును ఒక్కణ్ణి సూపెట్టు. తెలుగు నేనే చెప్పుకుంట."